కదిరప్ప ఎడమ చెయ్యి

బిగుసుకున్న పిడికిలిని తెరవాలంటే వేళ్ళ దగ్గర మొదలుపెట్టకూడదు. ముందు మణికట్టును లోపలికి వంచాలి. తర్వాత బొటనవేలిని మొదట్లో పట్టుకుని మెల్లగా బయటికి తీయాలి. అప్పుడు తక్కిన నాలుగు వేళ్ళూ వాటంతట అవే వదులవుతాయి. చివర్లు పట్టుకుని లాగితే మాత్రం చెయ్యి పంతం పడుతుంది, ఎంత లాగితే అంత బిగుసుకుంటుంది. ఇరవై రెండేళ్ళుగా కదిరప్ప చేస్తున్న పని ఇదే. ఆ శనివారం పొద్దున తొమ్మిదింటికి ఆసుపత్రి వార్డులో కంబదూరు బయమ్మ పిడికిలిని అలాగే తెరుస్తూ, బొటనవేలి దాకా వచ్చి ఆగిపోయాడు.

"ఏమప్పా, నీ చెయ్యి వణుకుతాండాది?" అంది బయమ్మ.

"చలి అవ్వా."

"చలా? ఈ ఎండల్లోనా?" ముసలామె నోరు ఒక పక్కే నవ్వింది. రెండో పక్క నవ్వడం మానేసి మూడు నెలలైంది.

కదిరప్ప మళ్ళీ మణికట్టు దగ్గర నుంచి మొదలుపెట్టాడు. ఎడమ చేత్తో ఆమె మోచెయ్యి పట్టుకోవలసింది, దాన్ని తన మోకాలి మీద ఆనించి, పనంతా కుడిచేత్తోనే కానిచ్చాడు.

పొద్దున ఐదున్నరకు కొళాయి దగ్గర ముఖం కడుక్కుంటుంటే చెంబు జారి పడింది. జారిందనే అనుకున్నాడు. వంగి తీసుకోబోతే ఎడమ చెయ్యి రాలేదు. భుజం నుంచి ఊరికే వేలాడింది. ఎవరిదో చెయ్యి తెచ్చి తన చొక్కాలో పెట్టినట్టుంది. రెండు బిందెలు నిండేంత సేపు అలాగే ఉండి, తర్వాత చీమలు పాకినట్టు పాకి, తిరిగి వచ్చింది. కుడిచేత్తో ఆ చేతిని పట్టుకుని గదిలోకి పోయి, అద్దం ముందు నిలబడి పళ్ళు ఇకిలించి చూసుకున్నాడు. నోరు వంకర పోలేదు. తన పేరు, నాయన పేరు, ఊరి పేరు పైకి చెప్పుకున్నాడు. మాట తడబడలేదు. పక్కింటివాళ్ళు విని ఉంటే మతి పోయిందనుకునేవాళ్ళు. తర్వాత తల దువ్వుకుని పనికి వచ్చాడు.

దాని అర్థం అతనికి తెలియక కాదు. పక్షవాతం వచ్చిన ప్రతి మనిషినీ మొదటిరోజు అతను అడిగే ప్రశ్న ఒకటుంది. దీనికి ముందు ఎప్పుడన్నా చెయ్యో కాలో పడిపోయి మళ్ళీ వచ్చిందా అని. ముగ్గురిలో ఒకరు అవునంటారు. నిన్ననో మొన్ననో అయిందంటారు. కాసేపట్లో సరిపోయింది కదా అని చెనక్కాయలు వలుచుకుంటూ కూర్చున్నామంటారు. వాళ్ళ మీద అతను ఎంత లేచేవాడని. "బుద్ధుండాల్నా? అప్పుడే రావద్దా? ఇప్పుడొచ్చి నన్నేమి చేయమంటారు?" అని వార్డంతా వినబడేలా తిట్టేవాడు. తిట్టిన ప్రతి మాటా ఈ పొద్దు పేరు పెట్టి తననే పిలుస్తోంది.

కదిరప్పకు భయం వేసింది. నలభై అడుగుల బావిలో తలమీద రాళ్ళు రాలుతున్నా గునపం వదలని మనిషి అతను. తనకల్లు ఊరి దగ్గర పల్లెలో వాళ్ళ నాయన ఆంజినప్ప బావులు తవ్వేవాడు, కొడుకూ అదే పని పట్టాడు. వానల్లేని ఏడాదుల్లో, నీళ్ళు పడని బావులు తవ్వి తవ్వి విసిగి, అనంతపురం వచ్చి ఒక సేటు కట్టించిన ధర్మాసుపత్రిలో ఊడ్చే పనికి కుదిరాడు. మద్రాసు నుంచి వచ్చిన పిళ్ళై సారు అక్కడ కసరత్తు గది పెట్టాడు. మనుషులను ఎత్తి దించడానికి చేవ ఉన్న చేతులు కావాలని ఊడ్చేవాళ్ళ వరసలోంచి కదిరప్పను ఏరుకున్నాడు. మూడేళ్ళు ఆయన చేతులనే చూస్తూ కదిరప్ప అంతా నేర్చుకున్నాడు. ఆయన వెళ్ళిపోయాక గది తాళంచెవి ఇతని మొలతాడుకే మిగిలింది. జనం నోట్లో కసరత్తు కదిరప్ప అయ్యాడు. జీతం పట్టీలో మాత్రం ఇప్పటికీ ఊడ్చేవాడే.

అందుకే ఎవరికీ నేర్పలేదు. ఆసుపత్రివాళ్ళు రెండుసార్లు మనుషులను పంపారు. ఒకడి చేత ఆర్నెల్లు వేణ్ణీళ్ళు కాయించాడు. ఇంకొకడి చేత నడక నేర్పే కమ్మీలు తుడిపించాడు. ఇద్దరూ విసిగి పోయారు. "ఇది చేతికి రావాలప్పా, చెప్తే వచ్చేది కాదు" అని పైకి అనేవాడు. లోపలి మాట వేరే. ఆసుపత్రి కట్టించిన సేటు కూడా నడుము పట్టేస్తే కారు పంపి పిలిపించుకునేది తననే. ఆ విద్య కాస్తా పంచిపెడితే మిగిలేది చీపురు. భార్య తిమ్మక్క బతికున్నప్పుడు ఆమెకు కూడా చూపించలేదు. ఇప్పుడు అతనికి తెలిసినంతలో ఆ పని వచ్చిన చేతులు రెండే ఉన్నాయి. అందులో ఒకటి పొద్దున పడిపోయింది. రేపు నిజంగానే పడిపోతే, తన పిడికిలి తెరిచేదెవరు?

పదకొండింటికి డాక్టరమ్మ వరండాలో ఎదురుపడింది. గుంటూరు వైపు పిల్ల, వచ్చి ఏడాదే అయింది. చేతిలో బీపీ పెట్టె ఉంది.

"ఏంటి కదిరప్పా, మొహం అలా ఉంది?"

చెప్పేయాలనుకున్నాడు. ఆమె చేతిలోని ఆ పెట్టెను చూశాడు. ఆమె పట్టీ చుట్టి, గాలి కొట్టి, కనుబొమలు ముడిచిందంటే అంతే. అప్పటిదాకా చెంబు జారిన సంగతి, ఆ తర్వాత రోగం. కిటికీ పక్క తొమ్మిదో మంచం. ఎడమ పక్క కేసు అంటారు, పేరుతో ఎవరూ పిలవరు. ఎన్నోసార్లు తనే అలా అన్నాడు.

"ఏం లేదమ్మా. ధర్మవరం పోవాల, బస్సు టైమైంది," అన్నాడు.

"ఎండగా ఉంది, జాగ్రత్త," అని ఆమె వెళ్ళిపోయింది.

శనివారం మధ్యాహ్నాలు అతను ధర్మవరం పోతాడు. నేతగాళ్ళ వీధిలో గంగాధరప్ప అనే అతనికి ఎడమ పక్క పడిపోయి ఐదు నెలలైంది. రోజూ ఆసుపత్రికి రాలేడు, అందుకని వారానికోసారి కదిరప్పే వెళ్ళి చేసి వస్తాడు. బస్సులో కిటికీ పక్క కూర్చున్నాడు. ఎడమ బొటనవేలితో తక్కిన వేళ్ళను ఒక్కొక్కటే తాకి చూసుకున్నాడు. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు. అన్నీ తగిలాయి. మైలురాయి వచ్చినప్పుడల్లా మళ్ళీ తాకి చూశాడు. బయట దుక్కి లేని చేలు, రాళ్ళ గుట్టలు, ఎండకు తెల్లబడిన ఆకాశం.

"ఏ మంత్రమన్నా అది, వేళ్ళు లెక్కబెడతాండావు?" అన్నాడు పక్కనున్నాయన వేళాకోళంగా.

"ఆంజనేయ మంత్రం," అన్నాడు కదిరప్ప. అబద్ధమాడాక ఎందుకైనా మంచిదని నిజంగానే జపించడం మొదలుపెట్టాడు.

నేతగాళ్ళ వీధిలో అన్ని ఇళ్ళలోనూ మగ్గాలు ఆడుతుంటాయి. గంగాధరప్ప ఇంట్లో మగ్గం ఐదు నెలలుగా ఊరకే ఉంది. ఆ రోజు గడప దగ్గరికి రాగానే లోపల టకటకమని చప్పుడు వినిపించింది. మగ్గం చప్పుడు కాదది, అంతకన్నా చిన్నది, వేగమైనది. లోపలికి తొంగి చూస్తే నలుగురైదుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. మగ్గం మీద పగలగొట్టిన కొబ్బరికాయ చిప్పలు ఉన్నాయి. గంగాధరప్పను మగ్గం గుంత అంచున కూర్చోబెట్టి, కాళ్ళు లోపలికి దించి, ఎడమ పాదాన్ని తొక్కుడు పలక మీద పెట్టారు. ఆ పాదం పలకను ఆగకుండా కొడుతోంది.

"చూడన్నా," అంది గంగాధరప్ప భార్య సుబ్బలక్ష్మమ్మ. ఆమె ముఖం వెలిగిపోతోంది. "నువ్వు చెప్పినట్లే అయింది. కాలికి పని గుర్తుకొచ్చింది. మేమెవురూ పట్టుకోల్యా, అదే తొక్కుతాండాది."

కదిరప్ప పాదాన్ని చూడలేదు, గంగాధరప్ప ముఖాన్ని చూశాడు. చెమటలు కారుతున్నాయి. కుడిచేత్తో మగ్గం కొయ్యను గోళ్ళు తెల్లబడేలా పట్టుకున్నాడు.

"నేను తొక్కల్యా, అన్నా," అన్నాడు గంగాధరప్ప మెల్లగా, ఆడవాళ్ళకు వినబడకుండా. "ఆపితే ఆగల్యా. అది నా కాలు కాదు. భయమైతాండాది, తీయి."

కదిరప్ప వంగి, అతని మోకాలి మీద అరచెయ్యి పెట్టి బరువుగా కిందికి అదిమి పట్టాడు. పాదం నాలుగుసార్లు కొట్టుకుని ఆగింది. ఆపినందుకు ఆడవాళ్ళు కదిరప్ప వైపు కోపంగా చూశారు.

గత నెల ఇదే గడప దగ్గర సుబ్బలక్ష్మమ్మ అడిగింది, ఈయన మళ్ళీ నేస్తాడా అన్నా అని. బస్సుకు టైమైపోతోంది. పోతూ పోతూ ఒక మాట విసరడం కదిరప్పకు అలవాటు. "కాలికి పని గుర్తుచేస్తే బుద్ధి అదే వస్తాది" అన్నాడు. అని, ఆ మాట తనకే బాగుందనిపించి, బస్టాండు దాకా నవ్వుకుంటూ పోయాడు. ఆ తర్వాత వచ్చిన శనివారాల్లో చేతి కసరత్తుతోనే టైము సరిపోయింది, మగ్గం వైపు చూడనే లేదు. మంచి కబురుగా ఒకేసారి చూపిద్దామని వాళ్ళూ నోరు విప్పలేదు. అదన్నమాట సంగతి. పొద్దున గంటా సాయంత్రం గంటా ఆ పాదాన్ని పలక మీద పెట్టారు. నరాలు బిగిసిన పాదం ముందువైపు దేనికైనా ఆనితే దానంతట అదే కొట్టుకుంటుంది. నేతగాళ్ళ ఇంట్లో కాబట్టి అది తొక్కుడులా కనిపించింది. కదిరప్ప పాదాన్ని పైకెత్తి చూశాడు. వేళ్ళు కిందికి దిగిపోయి, మడమ నేలకు ఆననంటోంది. నెల కిందట ఆనేది.

వేరే శనివారమైతే ఎలాగో సర్దేవాడే. తొక్కింది చాలు, ఇక విశ్రాంతి ఇవ్వాలని చెప్పి పరువు దక్కించుకునేవాడు. కానీ ఇంకో శనివారం ఉందో లేదో.

"ఇది మంచిది కాదు," అన్నాడు. "నరం బిగుసుకుంటే అట్ల కొట్టుకుంటాది. పని కాదు, రోగం. ఎక్కువ చేసినారు. నేను చెప్పిందే తప్పు."

ఆడవాళ్ళు ఒక్కొక్కరే బయటికి జారుకున్నారు. సుబ్బలక్ష్మమ్మ కొబ్బరి చిప్పలు తీసి పక్కన పెట్టింది.

"పొద్దూ మాపూ నా చేతుల్తో నేనే పెట్టినా," అంది. "ఆయప్ప వద్దు వద్దంటాంటే పెట్టినా. ఏమప్పా, అట్లెట్ల చెప్పినావు?"

అన్నా అనే పిలుపు పోయి అప్పా వచ్చింది. కదిరప్ప తల వంచుకున్నాడు.

"ఈడ కూర్చో. నీకు నేర్పిస్తా."

"నాకా? నువ్వు రావా ఇంక?"

"వస్తా. అయినా నేర్చుకో."

గంగాధరప్పను చాప మీద పడుకోబెట్టి మొదలుపెట్టాడు. చెప్పడం అలవాటు లేని మనిషి, కసురుతూ చెప్పాడు. భుజం కింద చెయ్యి పెట్టకుండా చెయ్యి లాగొద్దన్నాడు. పడుకోబెడితే భుజం ముందుకు రావాలన్నాడు. పాదాన్ని మడమ పట్టుకుని వంచాలి, వేళ్ళు పట్టుకుని కాదన్నాడు. మనిషి భయపడితే ఒళ్ళు ఇంకా బిగుస్తుంది కాబట్టి ముందు భయం తీయాలన్నాడు. అని, తన గొంతే వణుకుతుంటే దగ్గి సర్దుకున్నాడు. ఆమె ఒక్కసారి చెబితే పట్టుకుంది. ముప్పై ఏళ్ళుగా పట్టుదారం చుట్టిన వేళ్ళు, తెగిన పోగులు అతికిన వేళ్ళు అవి. వాటికి గుంజడం తెలియదు. గంట తిరగకుండానే గంగాధరప్ప పిడికిలి ఆమె చేతిలో సగం విచ్చుకుంది. ఇంత సులువుగా చెప్పగలిగినదాన్ని ఇన్నేళ్ళు దాచుకున్నానా అని కదిరప్పకు సిగ్గేసింది.

"నా మీద చేసి చూపించు," అన్నాడు. "తప్పు చేస్తే నాకు తెలుస్తాది."

చాప మీద వెల్లకిలా పడుకుని, ఎడమ పిడికిలి బిగించి, కళ్ళు మూసుకున్నాడు. ఈ ఇరవై రెండేళ్ళలో అతన్ని ఎవరూ ఇలా పట్టుకోలేదు. మణికట్టు మీద ఆమె పట్టు తెలిసింది. మెల్లగా లోపలికి వంచుతోంది. బాగానే చేస్తోంది. తర్వాత బొటనవేలి కోసం ఎదురుచూశాడు. వీధిలో మగ్గాలు ఆడుతున్నాయి. ఆమె ఎందుకో ఆగిపోయింది.

"ఊఁ. బొటనవేలు పట్టుకో," అన్నాడు.

"పట్టుకుంటి కదన్నా."

"యాడ పట్టుకున్నావు?"

"ఎప్పుడో పట్టుకుంటి. తెరిచేసినా గూడా."

కదిరప్ప కళ్ళు తెరిచాడు. అతని అరచెయ్యి ఆమె ఒళ్ళో పూర్తిగా విచ్చుకుని ఉంది. ఐదు వేళ్ళూ చాపి ఉన్నాయి. ఆమె వేలు అతని అరచేతి మధ్యలో ఉంది. అది కంటికి కనిపిస్తోంది, అంతే. కొన్ని క్షణాలకు ఆమె వేలి వెచ్చదనం ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు తెలిసింది.

సుబ్బలక్ష్మమ్మ అతని ముఖం చూసి, చేతిని చూసి, మళ్ళీ ముఖం చూసింది. ఐదు నెలలుగా ఇలాంటి చేతితోనే కాపురం చేస్తున్న మనిషి ఆమె.

"అన్నా, డాక్టరుకు చూపించినావా?"

"సోమవారం చూపిస్తా."

"నువ్వే కదా అందరినీ తిట్టేది."

కదిరప్ప లేచి, నేర్పవలసింది నిలబడడం ఒక్కటే మిగిలిందని అన్నాడు. గంగాధరప్ప రోజూ ఈ స్తంభం దగ్గర రెండు మడమలూ నేలకు ఆనించి నిలబడాలి, పాదాల మధ్య ఎడం సరిగ్గా ఉండాలి. ఎంత ఎడమో ఆమె అడిగింది. మాటల్లో చెబితే తేడా వస్తుందని తనే గచ్చు మీద స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. పట్టుకు రంగు వేసిన గిన్నెలో అడుగున కొంచెం వంగపండు రంగు మిగిలి ఉంది. ఆమె చిక్కుపట్టు ఉండను అందులో ముంచి, వంగి, అతని పాదాల చుట్టూ గీత గీసింది. కుడి పాదానికి చక్కిలిగిలి అనిపించింది. ఎడమ పాదం చుట్టూ ఎప్పుడు గీసిందో తెలుసుకోవడానికి కిందికి చూడవలసి వచ్చింది. గంగాధరప్ప చాప మీద నుంచి అదంతా చూశాడు.

ఐదున్నర బస్సెక్కాక కదిరప్ప మనసు మారింది. సోమవారం దాకా ఎందుకు, దిగగానే డాక్టరమ్మ దగ్గరికే పోతాననుకున్నాడు. దిగి, నిజంగానే ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఆమె క్వార్టర్సుకు నడిచాడు. డాక్టరమ్మ ఊరికి పోయిందనీ, రేపు వస్తుందనీ వాచ్‌మన్ చెప్పాడు. ఆ మాట వినగానే అతనికి ప్రాణం లేచొచ్చింది. వార్డులో ఇంకో డాక్టరు ఉన్నాడని తెలుసు. అయినా అటు పోలేదు. ఎండన పడి వచ్చాను, కసరత్తు గదిలో కాసేపు నడుము వాలుస్తానని వాచ్‌మన్‌తో చెప్పి, మొలతాడుకున్న తాళంచెవితో తలుపు తీసుకున్నాడు.

ఆదివారం పొద్దున గది ఊడవడానికి వచ్చిన యశోదమ్మ అతన్ని చూసింది. నిద్రపోతున్నాడనుకుని ముందు చుట్టూ ఊడ్చింది, తర్వాత లేపబోతే ఒళ్ళు చల్లగా తగిలింది. చాప మీద ఎడమ పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. ఎడమ భుజం ఒంటి కింద నలగకుండా ముందుకు లాగి ఉంది. చెయ్యి బారుగా చాపి, అరచెయ్యి పైకి తెరిచి ఉంది. వీపు వెనక దిండు, మోకాళ్ళ మధ్య మడిచిన దుప్పటి. మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చి చూసి, పక్షవాతం మనిషిని ఇంత సరిగ్గా ఎవరు పడుకోబెట్టారని అడిగింది. ఆ గదిలోకి ఎవరూ పోలేదని వాచ్‌మన్ చెప్పాడు. ఆమె కుర్చీలో కూలబడింది. మడకశిర నుంచి కూతురు చిన్నక్క సాయంత్రానికి వచ్చింది. నాయన పాదాల అంచులకు అంటిన వంగపండు రంగు స్నానం చేయించేవాళ్ళు ఎంత రుద్దినా పోలేదు, అదేమిటో ఎవరికీ అర్థం కాలేదు.

కదిరప్ప పోయిన సంగతి ధర్మవరంలో సుబ్బలక్ష్మమ్మకు రెండు శనివారాల తర్వాత తెలిసింది. ఆ రోజు కూడా పిడికిలి తెరవడం మానలేదు. మగ్గం గుంత మీద పలకలు వేసి మూసింది. రోజూ పొద్దున గంగాధరప్ప ఆమె భుజం పట్టుకుని భయపడుతూ భయపడుతూ వెళ్ళి స్తంభం దగ్గర ఆ గీతల్లో నిలబడతాడు. కదిరప్పవి పెద్ద పాదాలు. సున్నపు గచ్చులోకి ఇంకిపోయిన ఆ ఎడమ పాదం గీతలో, మడమ దగ్గర వేలెడు జాగా ఇంకా ఖాళీగానే ఉంది.